ఈ వారం సమస్య: సబ్బుఁ జూచి యవ్వ చాల నేడ్చె

నిర్వాహకుడు (నల్గొండ):
మిత్రులారా, ఈసారి ఆటవెలది. నాలుగో పాదం ఇచ్చాను, పై మూడు మీవి. సబ్బును చూసి ఎవరైనా ఏడుస్తారా? ఎందుకు ఏడ్చిందో మీ పద్యం చెప్పాలి. ఒంటి సబ్బైనా, బట్టల సబ్బైనా, టీవీలో వచ్చే సబ్బైనా సరే. నేను మొదట చూసేది అర్థం, తర్వాత యతి (పాదం మొదటి అక్షరానికీ మధ్యలో ఒక అక్షరానికీ కుదరాల్సిన పొత్తు), గణాలు (గురులఘువుల గుంపులు).

దేవరకొండ సభ్యుడు:
అత్త కోడ లింట నలిగి కూర్చుండగా
కొడుకు మాటలాడకుండ వెడలె
రాత్రి తొమ్మిదింట రాగానె సీరియల్
సబ్బుఁ జూచి యవ్వ చాల నేడ్చె
(సీరియల్‌ను ఇంగ్లీషులో 'సోప్' అంటారు కదా సార్, ఆ అర్థంలో.)

నిర్వాహకుడు:
నడక హాయిగా ఉంది. 'ఇంటన్ + అలిగి' అని విడదీస్తే అకారానికి అకారం, యతి చక్కగా కుదిరింది. నా పేచీ అర్థం దగ్గరే. 'అవ్వ సబ్బు చూస్తోంది' అని మన ఇళ్లల్లో ఎవరూ అనరు, సీరియల్ చూస్తోంది అంటారు. మీరు బ్రాకెట్లో చెప్పింది పద్యంలో లేదు. మూడో పాదంలో సీరియల్, నాలుగో పాదంలో సబ్బు. రెంటికీ మధ్య వంతెన ఏది?

ఆ 'సోప్' అనే పేరు వెనక మంచి కథ ఉంది. 1933లో అమెరికా రేడియోలో 'మా పెర్కిన్స్' అనే ధారావాహిక మొదలైంది. ఖర్చు పెట్టింది ప్రాక్టర్ అండ్ గాంబుల్, తమ ఆక్సిడాల్ అనే బట్టల సబ్బు పొడి అమ్ముకోవడానికి. పగటిపూట ఇంట్లో పని చేసుకుంటూ వినే ఆడవాళ్ల కోసం కథ, ఆ కథ మధ్యలో సబ్బు మాట. అది 1960 దాకా నడిచింది. ఇలాంటివి మరెన్నో రావడంతో ఆ కథలకే సబ్బు పేరు అంటుకుంది. ఈ సంగతి మూడు పాదాల్లో ఇమడ్చగలరా? మీరు చేయగలరు, అందుకే అడుగుతున్నా.

దేవరకొండ సభ్యుడు:
రాత్రంతా కూర్చున్నా సార్. చూడండి.

కథకు సొమ్ము పెట్టెఁ గద సబ్బు కంపెనీ
రేడియోన నాటి రీతి యదియె
కథయె సబ్బు నేడు, కట్టేసె మనసును
సబ్బుఁ జూచి యవ్వ చాల నేడ్చె

నిర్వాహకుడు:
ఇదీ పూరణ అంటే! 'కథయె సబ్బు నేడు' అన్న ఒక్క మాటతో శ్లేష తెలుగైపోయింది. ఇక బ్రాకెట్ అక్కర్లేదు. మొదటి పాదంలో కకారానికి గకారం యతి చెల్లుతుంది.

మిర్యాలగూడ సభ్యుడు:
టీవిలోన మెరిసె తెల్లని ముఖముతో
తార, నురుగులోన తానమాడి
ఎండ పొలములోన నిటు నల్లబడితినే!
సబ్బుఁ జూచి యవ్వ చాల నేడ్చె

నిర్వాహకుడు:
తమ్ముడూ, 'తానమాడి' అన్న మన మాట వాడినందుకు ముందు అభినందనలు. కానీ మొదటి పాదంలో యతి తప్పింది. 'టీ'కి 'తె' కుదరదు, ట ఠ డ ఢ వేరు, త థ ద ధ వేరు. 'తెరను వెలిగి మెరిసె తెల్లని ముఖముతో' అంటే సరిపోతుంది, భావమూ చెడదు.

వనపర్తి సభ్యురాలు:
యతి సరే సార్. నల్లగా ఉన్నందుకు అవ్వ ఏడవడం నాకు నచ్చలేదు. నాట్లేసి, కలుపు తీసి నల్లబడ్డ ఒళ్లు అది.

నిర్వాహకుడు:
మీ బాధ నాకు అర్థమైందమ్మా. అయినా ఆ పద్యం ఉండాలనే అంటాను. 1941లో లీలా చిట్నిస్ లక్స్ ప్రకటనలో కనిపించింది, ఆ సబ్బుకు మన దేశపు సినిమా తార ముఖం అదే మొదలు. అప్పటినుంచి తారలు మారారు గానీ ఆ మెరుపు మారలేదు. ఎండలో పనిచేసే మనిషి తన ఒంటిని చూసి చిన్నబుచ్చుకునేలా చేసింది ఆ మెరుపే. ఈ పద్యం నలుపును తిట్టలేదు, ఆ గాయాన్ని చూపించింది.

పాలమూరు టీచరమ్మ:
నేనూ ఒకటి రాశాను. మా ఇంట్లో జరిగిందే.

బొంబయికిని తాత పోయి పంపినదది
పెట్టెలోన దాచిపెట్టుకొనెను
వాసనుండెఁ గాని వచ్చు దారే లేదు
సబ్బుఁ జూచి యవ్వ చాల నేడ్చె

నిర్వాహకుడు:
మేడం, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. పాలమూరు నుంచి బొంబాయికి పనికి పోయినవాళ్ల ఇళ్లన్నీ కళ్ల ముందు నిలిచాయి. 'వాసన + ఉండె' దగ్గర ఎవరైనా వేలు పెడితే అత్తునకు సంధి బహుళం, అంటే అకారం తర్వాత అచ్చు వస్తే సంధి ఒకచోట జరుగుతుంది, ఒకచోట జరగదు అని చెప్పండి. మీది తప్పు కాదు. ఒక్క విన్నపం. 'పెట్టె' ఎక్కడైనా ఉంటుంది. మీ అవ్వ ఏమనేది?

పాలమూరు టీచరమ్మ:
సందుగ అనేది సార్. బట్టల మడతల మధ్యే పెట్టింది. పై కాగితం కూడా విప్పలేదు. దాని మీద ఏదో సినిమా తార బొమ్మ, రంగు వెలిసిపోయింది. సందుగ మూత తీస్తే ముందు ఇనుప వాసన, తర్వాత ఆ సబ్బు వాసన. మమ్మల్ని ముట్టనిచ్చేది కాదు. రెండో పాదం ఇలా మారుస్తున్నా:

సందుగందు దాచెఁ జద్దరందు

నిర్వాహకుడు:
సకారానికి జకారం, యతి బాగుంది. చద్దరు మడతలో సబ్బు కనిపిస్తోంది. ఇలాగే ఉంచండి, ఇక ఒక్క అక్షరం కూడా కదపొద్దు.

వనపర్తి సభ్యురాలు:
మేడం, ఆ సబ్బు ఇంకా ఉందా?

పాలమూరు టీచరమ్మ:
అవ్వ పోయినప్పుడు చద్దరుతో పాటే పెట్టి పంపించాం.

నిర్వాహకుడు:
వచ్చే వారానికి కూడా ఆటవెలదే, నాలుగో పాదం: "నురుగు తిన్న పిల్ల నోరు తీపి". ఆదివారం లోపు పంపండి.