మామయ్య గిటారు: ఐదు పిన్నుల సాకెట్ పీకించాలా, అట్టే ఉంచాలా?

కావలి కిట్టు
మా మేనమామ పోయి ఏడాది దాటింది. ఆయన ఇల్లు సర్దుతుంటే అటక మీద గోనెపట్టాలో చుట్టిన ఎలక్ట్రిక్ గిటారు దొరికింది. కావలి చుట్టుపక్కల పెళ్లిళ్లలో, శ్రీరామనవమి పందిళ్లలో ఆర్కెస్ట్రా వాళ్లతో కలిసి వాయించేవాడు. ఇంట్లో అందరం దాన్ని "జపాన్ గిటారు" అనే అంటాం. 1969లో మద్రాసు మూర్ మార్కెట్‌లో కొన్నాడని అమ్మ చెప్తుంది.

ఎరుపు రంగు, అంచుల దగ్గర నల్లగా ఉంది. మూడు పికప్‌లు (తీగల మోతని పట్టే అయస్కాంతపు చుట్టలు), వరసగా స్విచ్చులు. కాటా మీద పెడితే నాలుగు కిలోలు దాటింది. తల మీద పేరు సగం చెరిగిపోయింది. కనిపించేవి ఇంగ్లీషు వై, పి, ఏ, చివర ఎన్ లాంటిది. "జపాన్" అనే మాటలో జె అరిగి వై అయిందేమో అనుకున్నా. అసలు తలనొప్పి ఏందంటే దీనికి వైరు గుచ్చే మామూలు జాక్ లేదు. గుండ్రటి సాకెట్, దాంట్లో అర్ధచంద్రాకారంలో ఐదు బెజ్జాలు. దీంట్లోకి దూరే వైరు నా దగ్గర లేదు.

నెల్లూరులో ఒక రిపేరు షాపులో చూపించాను. సాకెట్ పీకేసి, బెజ్జం పెద్దది చేసి జాక్ పెడతారంట. కొత్త పికప్‌లు, నల్ల పెయింటు, అన్నీ కలిపి 4,500 రూపాయలు అన్నారు. ఇది ఏం గిటారు? ఈ పని చేయించొచ్చా?

ట్రంకురోడ్డు రాము
చేయించు. గిటారు ఉన్నది వాయించడానికి, అటక మీద దాచుకోడానికి కాదు. మూడు పికప్‌లు, వరసగా స్విచ్చులు అంటే అరవైల జపాన్ సరుకే, టెయిస్కో లాంటిది. ఆ రోజుల్లో అమెరికా షాపులకి వేలకొద్దీ పంపారు, చాలావాటి మీద సరిగా పేరు కూడా ఉండదు.

సోల్డర్ సుబ్బయ్య, ఒంగోలు
ఆగబ్బయా, డ్రిల్ దాకా పోవద్దు. టెయిస్కో జపాన్ కంపెనీయే, 1967లో కవాయ్ వాళ్ల చేతికి పోయింది. వాళ్ల గిటార్లు నేను రెండు విప్పాను. రెండిటికీ మన మామూలు పావు అంగుళం జాకే. అమెరికాలో అమ్మాలనుకునేవాడు అమెరికా యాంప్‌లోకి (సౌండు పెంచే పెట్టెలోకి) దూరని సాకెట్ ఎందుకు పెడతాడు?

ఐదు పిన్నుల డిన్ సాకెట్ పుట్టింది జర్మనీలో. పాత టేప్‌రికార్డర్లకీ, రేడియోగ్రాములకీ వెనకాల ఇదే ఉండేది. గిటార్లకి దీన్ని పెట్టింది ఎక్కువగా తూర్పు జర్మనీ, చెకొస్లొవేకియా, సోవియట్ ఫ్యాక్టరీలు. కాబట్టి నా అనుమానం అటువైపు. పైన రేకు విప్పి వాల్యూమ్ పాట్ (వాల్యూమ్ గుబ్బ కింద ఉండే పార్టు) వెనకాల ఏం రాసుందో చూడు. అమెరికాదైతే నంబరు ఉంటుంది, 137తో మొదలైతే సీటీఎస్ కంపెనీది, 304 అయితే స్టాక్‌పోల్ కంపెనీది, ఆ తర్వాత సంవత్సరం, వారం. 1376632 అంటే సీటీఎస్ వాళ్లు 1966లో 32వ వారంలో చేసింది. నీదాంట్లో ఆ నంబరు ఉండదనే నా పందెం. స్క్రూలు తీసేముందు ఫోటో తియ్, ఏ స్క్రూ ఎక్కడిదో కాగితం మీద గుచ్చిపెట్టుకో.

పాత పుస్తకాల పిచ్చి
నాకు గిటారు సంగతి తెలీదు, అక్షరాల సంగతి చెప్తాను. మా చిన్నప్పుడు ఒంగోలుకి విశాలాంధ్ర వాళ్ల పుస్తకాల వ్యాను వచ్చేది. రూపాయికీ రెండు రూపాయలకీ సోవియట్ పుస్తకాలు. ఇంటికి సోవియట్ భూమి పత్రిక వచ్చేది, పుస్తకాలకి అట్టలు వేసుకునేవాళ్లం. ఆ బొమ్మల మీద రాతలు చూసీ చూసీ రష్యన్ అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చింది.

కిట్టు బాబూ, నువ్వు వై అనుకున్నది వాళ్ల "ఉ". పి అనుకున్నది "ర". ఏ మన "అ"నే. ఎన్ లాంటిది "ల". కలిపి చదువు: ఉరల్. జె ఏదీ అరగలేదు నాయనా, అసలు లేనే లేదు. వెనకెక్కడన్నా సీ సీ సీ పీ అని కనిపిస్తే అది ఎస్ ఎస్ ఎస్ ఆర్, అంటే సోవియట్ యూనియన్.

కావలి కిట్టు
సార్, దండం! రేకు విప్పాను. లోపల చెక్క మీద ఊదారంగు ముద్ర, అంకెలు అలుక్కుపోయాయి గానీ సీ సీ సీ పీ మాత్రం అద్దంలా కనిపిస్తోంది. సుబ్బయ్యన్న చెప్పిన 137, 304 ఎక్కడా లేవు. పాట్ రేకు మీద చిన్నగా 79 అని మాత్రం ఉంది.

సోల్డర్ సుబ్బయ్య, ఒంగోలు
అయితే తేలిపోయింది. సాకెట్ ఒక్కటీ చూసి చెప్పలేం, చెకొస్లొవేకియా యోలానా గిటారుకైనా ఆ సాకెట్ ఉండొచ్చు. అయితే వాళ్లు రాసేది ఇంగ్లీషు అక్షరాల్లోనే. రష్యన్ అక్షరాలూ ఈ సాకెట్టూ కలిసాయంటే ఇంకో మాట లేదు. మూడు పికప్‌లు, ఈ బరువు చూస్తే ఉరల్ 650. స్వెర్‌ద్లోవ్‌స్క్ ఊళ్లో పియానోలు చేసే ఫ్యాక్టరీది, ఆ ఊరిని ఇప్పుడు యెకతెరిన్‌బుర్గ్ అంటున్నారు. 650 అంటే తీగ మోగే పొడవు మిల్లీమీటర్లలో. నట్ (తల దగ్గర తీగలు ఆనే పట్టీ) నుంచి పన్నెండో ఫ్రెట్ (మెడ మీది అడ్డగీత) దాకా టేపు పెట్టు, 325 రావాలి.

ఇకపోతే 79. సోవియట్ వాళ్లు పాట్‌ల మీద, కెపాసిటర్ల మీద తయారైన నెలో సంవత్సరమో కొట్టేవాళ్లు. అది 1979 అయితే గిటారు అంతకంటే ముందుది అయ్యే వీల్లేదు. తర్వాతది కావచ్చు. మరి 1969లో మూర్ మార్కెట్‌లో ఎట్టా కొన్నాడు?

ట్రంకురోడ్డు రాము
పాట్ మధ్యలో ఎవరో మార్చి ఉండొచ్చుగా. పదేళ్లు పందిళ్లలో వాయిస్తే పాట్ అరగదా?

సోల్డర్ సుబ్బయ్య, ఒంగోలు
మారిస్తే టంకం చూడగానే తెలుస్తుంది. ఫ్యాక్టరీ టంకం అన్నిచోట్లా ఒకే తీరు, ఒకే రంగు. తర్వాత పెట్టింది బొడిపెలా ఉంటుంది, పక్కన ఫ్లక్స్ మరక. కిట్టు పంపిన ఫోటోలో ఆరు జాయింట్లూ అక్కచెల్లెళ్లే. అయినా కావలిలో కూర్చుని రష్యా పాట్ యాడ తెచ్చి మారుస్తాడు రామూ?

కావలి కిట్టు
ఈ ముక్క అమ్మకి చెప్పి తప్పు చేశాను. "అయితే మా అన్న అబద్ధమాడాడంటావా" అని రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

కోవూరు కీబోర్డు
తమ్ముడూ, పాత ఫోటోలు తియ్. పెళ్లి ఫోటోల్లో ఎక్కడో ఒకచోట ఆర్కెస్ట్రా కనిపించకుండా ఉండదు.

సాకెట్ మీద నా మాట కూడా విను. పీకొద్దు. ఆ ఐదు పిన్నుల ప్లగ్గు నీకు తెలిసిందే, మా కీబోర్డుల్ని ఒకదానికొకటి కలిపే మిడి కేబుల్‌కి ఉండేది అదే. 1983లో మిడి పెట్టినప్పుడు కొత్తది కనిపెట్టకుండా అప్పటికే ఉన్న డిన్ ప్లగ్గునే తీసుకున్నారు. అట్టని మిడి కేబుల్ కోసేసి జాక్ కడితే పనైపోతుందనుకోకు. నేను ఒకసారి అట్టానే కట్టి గంటసేపు తల పట్టుకున్నా. మిడికి కావలసింది నడిమి పిన్ను, దానికి అటొకటి ఇటొకటి, అంతే. రెండు చివరి పిన్నులకి చాలా కేబుళ్లలో లోపల వైరే ఉండదు. నీ గిటారు సిగ్నల్ ఆ చివరి పిన్నులో వస్తుంటే ఎంత వాయించినా నిశ్శబ్దమే. ఖాళీ ప్లగ్గు విడిగా కొనుక్కో, చవకే.

సోల్డర్ సుబ్బయ్య, ఒంగోలు
అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. ముందు మల్టీమీటర్. వాల్యూమ్ ఫుల్ పెట్టు, స్విచ్చులన్నీ ఆన్. నడిమి పిన్ను గ్రౌండు, మీటరు ఒక కాలు దానికి ఆనించు. రెండో కాలు మిగతా నాలుగు బెజ్జాల్లో ఒక్కోదాంట్లో పెట్టి చూడు. ఎక్కడ కొన్ని కిలో ఓమ్‌లు చూపిస్తే అది సిగ్నల్. మీటరు కదలకపోతే ఆ పిన్ను ఖాళీ. మామూలు షీల్డెడ్ వైరు, ఒక చివర డిన్, ఇంకో చివర జాక్. గిటారుకి ఒక్క గీత కూడా పడదు.

ట్రంకురోడ్డు రాము
అందరూ కలిసి నన్ను విలన్‌ని చేస్తున్నారు కాబట్టి గట్టిగానే చెప్తా. అసలు రంగు, అసలు పార్టులు అనే గోలంతా ఫెండర్, గిబ్సన్ లాంటి ఖరీదైన వాటికి. వాటికి మళ్లీ పెయింటు కొడితే ధర సగానికి పడిపోతుందంటారు, సరే. ఈ ఉరల్‌కి ఎవడిస్తాడు లక్షలు? రష్యాలోనే దాని బరువు మీద జోకులు వేసుకుంటారు. లేని ధర ఎట్టా పడిపోతుంది?

ఇంకోటి. మాండలిన్ శ్రీనివాస్ గారు ఏం చేశారు? జంట తీగల ఎనిమిది తీగల పాశ్చాత్య వాయిద్యాన్ని ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌గా మార్చుకున్నారు. ఉన్నది ఉన్నట్టే ఉంచాలి అనుకుని ఉంటే దాని మీద కర్ణాటక గమకాలు పలికేవా? వాయిద్యం మనిషి కోసం మారాలి.

డిన్ ప్లగ్గుకి లాక్ ఉండదు. స్టేజీ మీద ఎవడో వైరు తొక్కితే ఊడొస్తుంది. అప్పుడు మీ మల్టీమీటర్ వచ్చి పాట పూర్తి చేస్తుందా?

పాత పుస్తకాల పిచ్చి
శ్రీనివాస్ గారి మాట బావుంది రామూ. కానీ ఆయన మార్చింది తన చేతిలో రోజూ పలికే వాయిద్యాన్ని. దానికి ఏం కావాలో ఆయనకి తెలుసు. కిట్టు ఇంకా దీని మీద ఒక్క తీగ కూడా మీటలేదు. ఏం మార్చాలో ఎవరికి తెలుసని?

సోల్డర్ సుబ్బయ్య, ఒంగోలు
ధర సంగతి ఒప్పుకుంటా. దీన్ని అమ్మితే మంచి కొత్త గిటారు కూడా రాదు. నా బాధ ధర గురించి కాదు. ఆ ముద్ర, ఆ 79, ఆ సాకెట్, చెరిగిన పేరు, ఈ నాలుగే కదా మనకి దారి చూపించింది? పేపర్లు లేవు, బిల్లు లేదు, కొన్న మనిషి లేడు. షాపువాడు నువ్వు అడగకముందే నల్ల పెయింటు కొట్టి, పాత పార్టులు చెత్తబుట్టలో వేసుంటే ఇది ఎప్పటికీ 1969 జపాన్ గిటారుగానే మిగిలిపోయేది. నెల్లూరులో పాత మైకు ఎక్కడ దొరికినా బాలు గారు పాడిన మైకే అంటారు చూడు, అట్టాగన్నమాట.

రాము చెప్పిన స్టేజీ ఇబ్బంది మాత్రం నిజమే. పట్టీకి వైరు ఒక చుట్టు తిప్పి ప్లగ్గు పెడితే తొక్కినా లాగుడు పట్టీ మీద పడుతుంది.

కావలి కిట్టు
వారం పట్టింది, సారీ. ముందు ఫోటో సంగతి. అమ్మ పెళ్లి ఆల్బమ్, 1974. పందిట్లో మామయ్య బెల్‌బాటమ్‌తో నిలబడున్నాడు, చేతిలో గిటారు ఉంది. కానీ అది ఇది కాదు! పొట్ట లావుగా, దాని మీద ఇంగ్లీషు ఎఫ్ ఆకారం బెజ్జాలు. అమ్మ భూతద్దం పెట్టి చూసి చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అవును, ఒకటి అమ్మేశాడు, మా నాన్న ఆపరేషన్ అప్పుడు" అంది. మూర్ మార్కెట్‌లో కొన్నది అదన్నమాట. పేరు దానిది, ఒళ్లు దీనిది. మామయ్య అబద్ధం చెప్పలేదని తేలాక ఇంట్లో మళ్లీ సాంబార్ మొదలైంది.

మరి ఈ ఉరల్ ఎట్టా వచ్చిందో ఎవరికీ తెలీదు. మామయ్య స్నేహితుడొకాయన మాస్కోలో లుముంబా యూనివర్సిటీలో మెడిసిన్ చదివొచ్చాడని అమ్మకి గుర్తుంది. అంతవరకే.

టేపు పెట్టాను, సరిగ్గా 325. వైరు కూడా కట్టాను. మీటరు చూపించింది చివరి పిన్నే, కోవూరక్క చెప్పకపోతే మిడి కేబుల్ కోసేవాణ్ణి. కొత్త తీగలు వేసి, పక్కింటి అబ్బాయి చిన్న యాంప్‌కి తగిలించి స్విచ్ వేస్తే మోగింది. మోగడం అంటే ముందు గుయ్యిమని ఒకటే రొద. ట్యూబ్‌లైట్ ఆర్పితే సగం తగ్గింది. తీగల మీద చెయ్యి పెడితే ఇంకా తగ్గింది. వంటింట్లోంచి అమ్మ బయటికొచ్చి, "మీ మామయ్య కూడా అంతే, పాట మొదలెట్టేముందు తీగల మీద అరచెయ్యి పెట్టి నిలబడేవాడు. దణ్ణం పెట్టుకుంటున్నాడేమో అనుకునేదాన్ని" అంది.

కోవూరు కీబోర్డు
హహ్హ, అది దణ్ణం కాదమ్మా, గ్రౌండింగు! సింగిల్ కాయిల్ (ఒక్క తీగచుట్టే ఉండే) పికప్‌లు చుట్టుపక్కల కరెంటు రొదంతా లాక్కుంటాయి. తీగలు గ్రౌండుకి కలిపి ఉంటాయి, చెయ్యి పెట్టగానే మన ఒళ్లు పట్టే రొద కూడా అందులోకి పోతుంది.

ట్రంకురోడ్డు రాము
సరే, సాకెట్ విషయంలో ఓడిపోయా. పెయింటు కూడా వద్దులే. మెడ ఎట్టా ఉంది, పట్టుకోడానికి?

కావలి కిట్టు
రోకలి పట్టుకున్నట్టుంది అన్నా. బార్ కార్డ్ (ఒక్క వేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కేది) పట్టేసరికి బొటనవేలు పట్టేస్తోంది. ఇంకోటి, మెడ వైపు పికప్ అసలు పలకడం లేదు. స్విచ్చు అటూ ఇటూ ఆడిస్తే ఒకసారి టక్కుమని మళ్లీ పోతోంది. విప్పమంటారా?

సోల్డర్ సుబ్బయ్య, ఒంగోలు
స్విచ్చు లోపల తుప్పు అయ్యుంటుంది, కావలి ఉప్పు గాలి. కాంటాక్ట్ క్లీనర్ కొంచెం కొట్టి ఇరవైసార్లు ఆడించు. అప్పటికీ పలక్కపోతే విప్పు. విప్పేముందు ఫోటో.