పాలీన్ బ్లాక్ ఓబీఈ తీసుకోవడం సరైనదేనా?

కృష్ణాతీరం:
పాలీన్ బ్లాక్ మీద వచ్చిన డాక్యుమెంటరీ నిన్న రాత్రి చూశాను. అప్పటి నుంచి ఒక విషయం మింగుడుపడటం లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను.

తెలియనివాళ్ళ కోసం చెప్తాను. ఇంగ్లండ్‌లోని కవెంట్రీ నుంచి 1979లో వచ్చిన ‘ది సెలెక్టర్’ అనే స్కా బ్యాండ్‌లో ఆవిడ గాయని. స్కా జమైకాలో పుట్టిన సంగీతం. గిటారు దెబ్బ తాళానికీ తాళానికీ మధ్యలో పడుతుంది, వింటే కాలు ఊరుకోదు. అప్పట్లో నేషనల్ ఫ్రంట్ అనే జాతివివక్ష పార్టీ వాళ్ళు అక్కడి నల్లవాళ్ళ మీదా, మనవాళ్ళ మీదా విషం కక్కుతున్న రోజులు. అలాంటప్పుడు నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి ఒకే స్టేజీ ఎక్కిన బ్యాండ్లు ఇవి. వాళ్ళ రికార్డు కంపెనీ పేరే టూ టోన్. గుర్తు నలుపు తెలుపు గళ్ళు. మగవాళ్ళతో నిండిన ఆ గుంపులో ఈవిడ సూటు వేసుకుని, టోపీ పెట్టుకుని పాడేది.

అలాంటి మనిషి 2022 కొత్త సంవత్సరానికి బ్రిటన్ ప్రకటించిన బిరుదుల జాబితాలో ఓబీఈ (ఆఫీసర్ ఆఫ్ ది ఆర్డర్ ఆఫ్ ది బ్రిటిష్ ఎంపైర్) తీసుకుంది. ఆ మూడక్షరాల్లో చివరిది ‘ఎంపైర్’. అంటే సామ్రాజ్యం. కవి బెంజమిన్ జెఫనయాకి 2003లో ఇదే ఇస్తామంటే ఆ మాట వింటేనే ఒళ్ళు మండుతుందని వద్దన్నాడు. మన టాగోర్ 1919లో సర్ బిరుదు వదిలేశాడు. ఇంటిపేరే ‘బ్లాక్’ అని మార్చుకున్న మనిషి పేరు పక్కన ‘ఎంపైర్’ ఎలా పెట్టుకుంది?

పాత క్యాసెట్:
సెలెక్టర్ వాళ్ళ పాట ‘ఆన్ మై రేడియో’ వినండి ముందు. తర్వాత వాదించుకుందాం.

రేడియో రమణ:
ఆ పాట రాసింది పాలీన్ కాదు, నియోల్ డేవిస్. అసలు ‘ది సెలెక్టర్’ అన్న పేరే ఆయన వాయించిన ట్యూన్‌ది. టూ టోన్‌లోనే ఉన్న ‘ది స్పెషల్స్’ అనే బ్యాండ్ తొలి రికార్డు ‘గ్యాంగ్‌స్టర్స్’ వెనకవైపు ఆ ట్యూన్ వచ్చింది. దానికి పేరు వచ్చాక ఆయన మనుషుల్ని పోగేసి బ్యాండ్ కట్టాడు. ఏడుగురిలో ఆయనొక్కడే తెల్లవాడు. 2011 నాటికి రెండు బ్యాండ్లు అదే పేరుతో తిరిగాయి, చివరికి పేరు పాలీన్ దగ్గర మిగిలింది. బిరుదు సంగతి తర్వాత, ముందు ఈ అన్యాయం గురించి మాట్లాడండి.

ఎక్స్‌రే సుధ:
కృష్ణాతీరం గారూ, నేను ఇంగ్లండ్‌లో పద్దెనిమిదేళ్ళుగా రేడియోగ్రాఫర్‌ని. పాలీన్ కూడా బ్యాండ్‌లోకి రాకముందు కవెంట్రీ ఆసుపత్రిలో రేడియోగ్రాఫరే. ఇంటిపేరు మార్చుకోవడం వెనక ఒక కారణం అదే. పగలు ఉద్యోగం, రాత్రి పాటలు అని ఆసుపత్రిలో తెలిస్తే ఇబ్బందని.

మేము కష్టపడి పనిచేసేచోట మాకు గుర్తింపు ఇచ్చేవాళ్ళు తక్కువ. నేను చేరిన మొదటి వారం పైఆవిడ, “నీ పేరు మాకు నోరు తిరగదు, సూ అని పిలవనా?” అంది. సుధ అన్న రెండక్షరాలకి నోరు తిరగదట. సరే అన్నాను. ఇప్పటికీ బ్యాడ్జి మీద సూ అనే ఉంది. తన పేరు తాను పెట్టుకుని, ఆ పేరుతోనే వాళ్ళ రాజు చేతో రాణి చేతో గౌరవం తీసుకున్న మనిషిని చూస్తే నాకు గర్వంగా ఉంది. జెఫనయా వద్దనడం గొప్ప. ఈవిడ తీసుకోవడమూ గొప్పే.

కృష్ణాతీరం:
సుధ గారూ, మీ బాధ అర్థమైంది. కానీ మీ బ్యాడ్జికీ ఓబీఈకీ సంబంధం లేదు. 1917లో ఐదో జార్జి పెట్టిన బిరుదు అది. మరో రెండేళ్ళకే జలియన్‌వాలా బాగ్. ఆ బిరుదు ఎవరి చేతుల మీదుగా వచ్చినా దాని పేరు మారదు. అయినా పేరు మార్చుకోవడం అంత గొప్ప విషయమా? పెంచినవాళ్ళ ఇంటిపేరు విక్కర్స్. తిండి పెట్టి, చదివించి పెద్ద చేసినవాళ్ళ పేరు వదిలేయడం సులువే.

మంజీర:
ఇంటిపేరు ఇందులోకి ఎందుకొచ్చింది?

రేడియో రమణ:
నేనూ పేర్ల గురించే అంటున్నాను. పాతికేళ్ళ కింద మేం నలుగురం కలిసి ఆర్కెస్ట్రా పెట్టాం. పేరు నేను పెట్టాను. కీబోర్డు కొన్నది నేను. గొడవై బయటికి వచ్చాక మిగతా ముగ్గురూ అదే పేరుతో పెళ్ళిళ్ళకి వాయించారు, ఫ్లెక్సీల మీద అదే పేరు. నా బాధ ఎవరికీ పట్టలేదు. నియోల్ డేవిస్ పరిస్థితి నాకు తెలిసినంతగా మీకెవరికీ తెలియదు.

పాత క్యాసెట్:
రమణ అన్నా, బ్యాండ్ అంటే జనానికి కనిపించేది గొంతు. 1979 నవంబర్ 8న టాప్ ఆఫ్ ది పాప్స్ అనే టీవీ పాటల కార్యక్రమంలో స్పెషల్స్, మ్యాడ్‌నెస్, సెలెక్టర్ మూడు బ్యాండ్లూ ఒకే రాత్రి వచ్చాయి. ఆ రాత్రి చూసినవాళ్ళకి గుర్తున్నది టోపీ పెట్టుకున్న ఆ అమ్మాయి.

రేడియో రమణ:
గుర్తుంటే పేరు వాళ్ళదైపోతుందా? నా ప్రశ్నకి అది జవాబు కాదు.

ఎక్స్‌రే సుధ:
కృష్ణాతీరం గారూ, “పేరు వదిలేయడం సులువే” అన్నారు. ఆవిడ ఆత్మకథ ‘బ్లాక్ బై డిజైన్’ చదివారా? 1953లో రామ్‌ఫర్డ్‌లో పుట్టింది. తల్లి యూదు కుటుంబానికి చెందిన ఇంగ్లీషు అమ్మాయి, తండ్రి నైజీరియా నుంచి వచ్చినవాడు. పసిపిల్లగా తెల్లవాళ్ళింటికి దత్తతకు వెళ్ళింది. చుట్టుపక్కల తనలాంటి రంగున్న మనిషి కనిపించని చోట పెరిగింది. ఆ ఇంట్లో ‘బ్లాక్’ అన్న మాట నోటికి వచ్చేది కాదు, ‘కలర్డ్’ అనేవాళ్ళు. అందుకే ఆ మాటనే ఇంటిపేరుగా పెట్టుకుంది. పిలిస్తే ఇక ఆ పేరుతోనే పిలవాలి. ఇరవై ఆరేళ్ళ వయసులో ఆ పని చేయడం సులువనుకుంటున్నారా?

కృష్ణాతీరం:
చదివాను. నాలుగేళ్ళ పిల్లకి దత్తత సంగతి చెప్పారని కూడా చదివాను. దాచలేదు కదా? అబద్ధం ఆడలేదు కదా? ఆ రోజుల్లో నల్లపిల్లని ఇంటికి తెచ్చుకున్న తెల్లవాళ్ళు ఎన్ని మాటలు పడి ఉంటారో ఎవరైనా ఆలోచించారా? వాళ్ళకి దక్కిందేమిటి? పిల్ల పెద్దయి ప్రపంచానికంతా వాళ్ళ తప్పులు చెప్పింది, ఇంటిపేరు తీసేసింది, కన్నవాళ్ళను వెతుక్కుంటూ పోయింది. అదే మనిషి రాజకుటుంబం ఇచ్చే బిరుదు మాత్రం వద్దనలేదు. పెంచినవాళ్ళ పేరు పనికిరాలేదు, సామ్రాజ్యం పేరు పనికొచ్చింది!

ఎక్స్‌రే సుధ:
ఇది అన్యాయం. పెంచడం అప్పు ఇవ్వడం కాదు, వడ్డీతో వసూలు చేసుకోవడానికి. మీరు ఓబీఈ అని మొదలుపెట్టి మూడుసార్లు ఇంటిపేరు దగ్గరికే వచ్చారు. మీకు కోపం బిరుదు మీద కాదు.

కృష్ణాతీరం:
మీకు పిల్లలున్నారా సుధ గారూ? ఉంటే వాళ్ళు మీ కడుపున పుట్టినవాళ్ళే అయి ఉంటారు. మీకు తెలియదు. దయచేసి నాకు పాఠాలు చెప్పొద్దు.

పాత క్యాసెట్:
ఇద్దరూ కాస్త ఆగండి. వ్యక్తిగతంగా వద్దు.

మంజీర:
నేను రాస్తాను. నన్ను మా పెద్దమ్మకి ఇచ్చారు. నాకప్పుడు మూడేళ్ళు, మా అమ్మకి నేను నాలుగో ఆడపిల్లని. ఇంటిపేరు మారింది, గోత్రం మారింది. పెద్దమ్మ నన్ను ప్రాణంలా చూసుకుంది, ఇప్పటికీ అమ్మా అనే పిలుస్తాను. పండక్కి అందరూ కలిసినప్పుడు మాత్రం అక్కలు ముగ్గురూ ఒకే మంచం మీద కూర్చుంటే నేను వెళ్ళి కూర్చోవచ్చో లేదో తెలిసేది కాదు. ఆ మాట పెద్దమ్మతో ఒక్కసారి కూడా అనలేదు. అంటే ఏడుస్తుందని.

పాలీన్ కన్నతల్లిని వెతికి పట్టుకునేసరికి నలభై దాటాయి. తల్లి ఆస్ట్రేలియాలో దొరికింది. తండ్రి అప్పటికే లేడు. ఇంగ్లండ్‌లో దత్తత వెళ్ళినవాళ్ళు పెద్దయ్యాక పుట్టుక కాగితం చూసుకోవచ్చన్న చట్టం 1975లోనే వచ్చింది. అప్పుడు ఆమెకు ఇరవై రెండేళ్ళు. ఇరవై ఏళ్ళు ఎందుకు ఆగిందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

రేడియో రమణ:
మంజీర గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నియోల్ డేవిస్ గురించి నా మాట మారదు, కానీ అది ఈ రోజుకి ఆపేస్తాను.

కృష్ణాతీరం:
రాత్రంతా ఆలోచించి రాస్తున్నాను.

మా అమ్మాయిని పది నెలల పిల్లగా తెచ్చుకున్నాం. ఇప్పుడు ఇరవై రెండు. దత్తత అని చిన్నప్పుడే చెప్పాం. పోయిన నెల పాస్‌పోర్టు కాగితాలు నింపుతూ, “నాన్నా, నా అసలు ఇంటిపేరు ఏమై ఉంటుంది?” అని అడిగింది. ‘అసలు’ అన్న ఆ ఒక్క మాట. నేను జవాబు చెప్పకుండా బయటికి వెళ్ళిపోయాను. తర్వాత వాళ్ళమ్మతో అందట, పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళు తమ మూలాలు తెలుసుకోవడానికి దత్తత సంస్థకి దరఖాస్తు పెట్టుకోవచ్చని, తను పెడతానని. ఆ రోజు నుంచి ఇంట్లో ఇద్దరం సరిగ్గా మాట్లాడుకోవడం లేదు. ఆ డాక్యుమెంటరీ నేను చూసింది పాటల కోసం కాదు. పెంచినవాళ్ళ గురించి ఆవిడ ఒక్క మంచి మాటైనా అంటుందేమోనని చూశాను.

సుధ గారూ, మీ పిల్లల ప్రస్తావన తేవడం తప్పు. క్షమించండి.

ఎక్స్‌రే సుధ:
అయ్యో, అలా అనకండి. నేనూ దురుసుగా మాట్లాడాను. కానీ ఒక్కటి చెప్పనివ్వండి. ఆవిడ తీసేసింది విక్కర్స్ అన్న ఇంటిపేరు మాత్రమే. పాలీన్ అని పెంచినవాళ్ళు పెట్టిన పేరు. కన్నతల్లి పెట్టింది బెలిండా. తల్లి దొరికిన తర్వాత కూడా పాలీన్‌గానే ఉంది. స్టేజీ మీద, పుస్తకం మీద, ఆ ఓబీఈ మీద కూడా పాలీనే.

కృష్ణాతీరం:
ఇది నాకు తట్టలేదు.

పాత క్యాసెట్:
1990లో అమెరికన్ గాయని బిల్లీ హాలిడే పాత్ర వేసి నాటకంలో కూడా మెప్పించింది, ఎవరూ ఆ మాట ఎత్తలేదని రాస్తున్నాను.

కృష్ణాతీరం:
ఓబీఈ తీసుకోకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అనుకుంటున్నాను. జెఫనయా చేసిందే సరైనది, ఆ మాట వెనక్కి తీసుకోను.

పిల్లని తెచ్చుకున్నప్పుడు ఇచ్చిన ఫైలు నా బీరువాలో ఉంది. శిశుగృహంలో తనని పిలిచిన పేరు అందులో ఉంది. తాళంచెవి నా దగ్గరే ఉంటుంది.

మంజీర:
అన్నా, ఆ పేరు తనకి తెలుసా?

కృష్ణాతీరం:
లేదమ్మా. శనివారం హాస్టల్ నుంచి వస్తుంది.