దాణాలో కలిపే పొడికి లైసెన్సు – మూడోసారీ దరఖాస్తు వెనక్కి. ఎవరికైనా తెలిస్తే చెప్పండి

ఆదోని షెడ్డు: అందరికీ నమస్కారం. నిన్న రాత్రి తొమ్మిదిన్నరకు కంప్యూటర్ ముందు కూర్చుంటే లేచేసరికి రెండయింది. దాణాలో కలిపే పొడి, కిలో ప్యాకెట్. లైసెన్సు కోసం దరఖాస్తు పెడితే మూడోసారి కూడా తిప్పి పంపారు. 'వర్గం సరికాదు' అని రెండే ముక్కలు. ఏ వర్గం సరైనదో మాత్రం చెప్పరు. ఫీజు పోయింది. ఐదు వేల కవర్లు అచ్చేయించి పెట్టుకున్నా, ఒకటే టెన్షన్. ఇంతకుముందు తీసుకున్నవాళ్ళుంటే ఏ ఫారమో చెప్పండి, చాలు.

గుత్తి పాలకేంద్రం: ఏం పొడి అన్నా?

ఆదోని షెడ్డు: దాణాలో కలిపేది. పైన రాశాను కదా.

రిటైర్డ్ పశువైద్యుడు: లైసెన్సు సంగతి తర్వాత. మేతలో బూజు విషానికి కలిపే పొడే అయ్యుంటుంది. అసలు ఈ పొడుల అవసరం ఎందుకొచ్చింది? మన వైపు బుడ్డలు, అదే వేరుశనగ, పీకినాక వానకు తడుస్తాయి. ఆరీ ఆరకుండానే మూటలు కట్టి మిల్లుకు తోలతారు. ఆ తేమకు బూజు పట్టి అఫ్లాటాక్సిన్ బి1 అనే విషం తయారవుతుంది. గానుగాడినాక అది ఎక్కువగా నూనె పోగా మిగిలే చెక్కలోనే ఉండిపోతుంది. ఆ చెక్క తిన్న ఆవు పాలల్లో అదే ఎం1 రూపంలో దిగుతుంది. దాణా ప్రమాణం ఐఎస్ 2052 ప్రకారం బి1 కిలోకు 20 మైక్రోగ్రాములు దాటకూడదు. పాలల్లో ఎం1 అయితే కిలోకు 0.5 మైక్రోగ్రాము దాటకూడదు. అంటే ఎంత తక్కువో చూడండి. గోదాములో కింద బల్లలు వేసి, గోడకు దూరంగా మూటలు పేర్చండయ్యా అని ముప్పై ఏళ్ళు చెప్పాను. ఒక్కడు వింటేనా!

గుత్తి పాలకేంద్రం: సార్, ఆయన అడిగింది లైసెన్సు గురించి.

రిటైర్డ్ పశువైద్యుడు: తెలుసు నాయనా.

ధర్మవరం కోళ్ళు: ఎక్కడ దరఖాస్తు పెట్టిందీ చెప్పకుండా ఫారం అడిగితే ఎట్లా?

ఆదోని షెడ్డు: ఇంకెక్కడ, ఫుడ్ లైసెన్సు సైట్‌లో. ఆవులకే కదా అని పాల ఉత్పత్తుల కింద వేశా.

ధర్మవరం కోళ్ళు: అయిపాయె. 2006 ఆహార భద్రత చట్టంలో 'ఆహారం' అంటే ఏమిటో చెప్పినచోటే పశువుల మేత దాంట్లోకి రాదని రాసుంది. నూరుసార్లు వేసినా వెనక్కే.

కడప ప్రీమిక్స్: అన్నా, మన రాష్ట్రంలో 2020లో పశు దాణాకు విడిగా చట్టం వచ్చింది. తయారీ, నాణ్యత, అమ్మకం అన్నీ దాని కిందే. పశుసంవర్ధక శాఖలో కనుక్కో. ముందు ఆ పొడి ఏందో చెప్పు.

ఆదోని షెడ్డు: టాక్సిన్ బైండర్, మేతలోని బూజు విషాన్ని పట్టేసే పొడి. బెంగళూరు నుంచి 25 కిలోల బస్తాలు తెస్తా. బెంటొనైట్ అనే మట్టి, ఈస్ట్ పొడి ఉంటాయి. మినరల్ మిక్చర్ కొంచెం నేను కలిపి ప్యాకెట్లు కడతా.

ధర్మవరం కోళ్ళు: ఇది ఇప్పుడా చెప్పేది? బైండర్ అంటే అడిటివ్, ఏదో ఒక పని కోసం మేతలో కొంచెం కలిపేది. మినరల్ మిక్చర్ సప్లిమెంట్, మేతలో తక్కువైన పోషకాలు పూడ్చేది. కలిపితే ఏమంటారు?

కడప ప్రీమిక్స్: ఆ పేర్లు పట్టుకోవద్దు. యూరప్‌లో జింకు, రాగి లవణాలు కూడా అడిటివ్ లెక్కే. అక్కడ 2003లో వచ్చిన 1831 నంబర్ నిబంధన కింద ఫైలు వేయాలి, అనుమతి పదేళ్ళే. ఈ విషాన్ని తగ్గించే పదార్థాలకంటూ 2009లో ఒక గుంపు పెట్టారు. బెంటొనైట్‌కు 2013లో దాంట్లో అనుమతి దొరికింది. కిలో మేతకు 20 గ్రాములకు మించకూడదు. ఖర్చు భరించలేక కంపెనీలన్నీ కలిసి ఒకే ఫైలు వేసుకోవడం అక్కడ మామూలే. ఒక దేశంలో చేసిన పరీక్ష ఇంకో దేశంలోనూ చెల్లాలని 2017లో ఐసీసీఎఫ్ అనే అంతర్జాతీయ వేదిక కూడా పెట్టుకున్నారు.

గుత్తి పాలకేంద్రం: ఆదోని నుంచి యూరప్ పోయినాం. తిరిగొద్దామా?

ధర్మవరం కోళ్ళు: నీ పొడిలో కొలిస్టిన్ యాంటీబయాటిక్ లాంటిదేమీ లేదు కదా? 2019 జూలైలోనే దాన్ని పశువులకు, కోళ్ళకు, మేతలో కలిపే పొడులకు నిషేధించారు.

ఆదోని షెడ్డు: అబ్బే, మట్టి, ఈస్టే.

కడప ప్రీమిక్స్: కవర్ మీద ఏం రాయించావు?

ఆదోని షెడ్డు: 'పాల జ్వరం, పొదుగువాపు నివారిణి. వారంలో లీటరు పాలు పెరుగును.'

కడప ప్రీమిక్స్: ఇదన్నా మొదట చెప్పాల్సింది! 1940 మందుల చట్టం మనుషులకే కాదు, పశువులకూ వర్తిస్తుంది. రోగం నయం చేయడానికో, రాకుండా ఆపడానికో వాడేదేదైనా దాని లెక్కలో మందే. 'నివారిణి' అన్న మాటతో నువ్వే పోయి డ్రగ్ ఇన్‌స్పెక్టర్ తలుపు కొట్టినట్టయింది.

ఆదోని షెడ్డు: అందరూ అట్లే రాస్తారు కదా! మా బజారుకొచ్చి చూడు.

రిటైర్డ్ పశువైద్యుడు: పాల జ్వరం ఈనినప్పుడు రక్తంలో కాల్షియం పడిపోతే వస్తుంది. బెంటొనైట్ మట్టి పొరల్లో విషాన్ని పట్టుకుని పేడతో బయటికి పంపుతుంది, అంతే. పాల జ్వరానికీ దానికీ ఏం సంబంధం? పైగా ఈస్ట్ అఫ్లాటాక్సిన్‌ను బెంటొనైట్ అంతగా పట్టుకోదు. ఆవు పడిపోతే ఈ ప్యాకెట్ తినిపిస్తూ కూర్చుంటారు, డాక్టర్ వచ్చేసరికి చల్లబడి ఉంటుంది.

ఆదోని షెడ్డు: మరి ఐదు వేల కవర్లు?

ధర్మవరం కోళ్ళు: స్టిక్కర్.

కడప ప్రీమిక్స్: స్టిక్కర్ గీకితే కింద అదే మాట కనిపిస్తుంది. మళ్ళీ అచ్చేయించు.

గుత్తి పాలకేంద్రం: ఒక మాట. ఆదోని, గుంతకల్లు, తాడిపత్రి కలిపి ఇట్లాంటి చిన్న షెడ్లు ఐదారున్నాయి. అందరం ఒకే లాట్ తెచ్చుకుని ఒకే పరీక్ష చేయిస్తే ఖర్చు తగ్గుతుంది కదా?

ధర్మవరం కోళ్ళు: పరీక్ష కాగితం పంచుకుంటావు. రేపు వాడే నీకంటే పది రూపాయలు తక్కువకు అమ్ముతాడు.

గుత్తి పాలకేంద్రం: పెద్ద దాణా కంపెనీలకు 1967 నుంచి క్లఫ్మా అనే సంఘం ఉంది కదా. వాళ్ళూ ఒకరితో ఒకరు పోటీపడేవాళ్ళే.

ధర్మవరం కోళ్ళు: వాళ్ళ సంగతి వేరు.

ఆదోని షెడ్డు: సరేలే, సోమవారం పశువుల ఆఫీసుకు పోతా. థ్యాంక్స్. అవునూ, మినరల్ మిక్చర్‌కు మళ్ళీ వేరే ప్రమాణమా?

రిటైర్డ్ పశువైద్యుడు: ఐఎస్ 1664. ఆ చెక్క మూటల సంగతి మాత్రం...

గుత్తి పాలకేంద్రం: అన్నా, సోమవారం పోయినావా? ఏమన్నారు?

ఎమ్మిగనూరు గేదెలు: ఎవరి దగ్గరైనా పత్తిగింజల చెక్క ఉందా? పది బస్తాలు కావాలి. బండి మాదే.