నాన్న 173, అమ్మ 155: పిల్లల ఎత్తు లెక్కకు ఒక్కో చోట ఒక్కో జవాబు ఎందుకు వస్తోంది?

ప్రశ్న

తండ్రి ఎత్తు 173 సెం.మీ., తల్లి ఎత్తు 155. బాబుకు సరిగ్గా ఎనిమిదేళ్ళు, ఇప్పుడు 121 సెం.మీ. ఉన్నాడు. పోయిన ఏడాది ఇదే నెలలో 115.5. పాపకు పన్నెండేళ్ళు, 152 సెం.మీ. ఎనిమిది నెలల క్రితం పెద్దమనిషయింది.

బాబు ఎంత ఎత్తు అవుతాడని చూస్తే ఒక కాలిక్యులేటర్ 170.5 అంటోంది, ఇంకొకటి 172 అంటోంది. రెండేళ్ళప్పటి ఎత్తును రెట్టింపు చేస్తే చాలని కొందరంటున్నారు. వీటిలో దేన్ని నమ్మాలి? తల్లిదండ్రుల ఎత్తుల లెక్కలో 13 కలపడం, తీసేయడం ఎందుకు? బాబు తన తోటివాళ్ళకన్నా పొట్టిగా కనిపిస్తున్నాడు, డాక్టరుకు చూపించాలా?

జవాబు 1

రెండు కాలిక్యులేటర్లూ తప్పు చెప్పలేదండీ, లెక్కకట్టే పద్ధతులు వేరు.

మొదటిది పిల్లల ఎదుగుదల మీద పనిచేసిన బ్రిటిష్ వైద్యుడు టానర్ బృందం 1970లో ఇచ్చిన సూత్రం. తల్లిదండ్రుల ఎత్తులు కూడి, అబ్బాయికైతే 13 కలిపి, అమ్మాయికైతే 13 తీసేసి, వచ్చినదాన్ని సగం చేయాలి. మీ లెక్కలో 173 + 155 = 328. బాబుకు 341లో సగం 170.5, పాపకు 315లో సగం 157.5.

13 ఎందుకంటే, పెద్దయ్యాక ఆడ, మగ సగటు ఎత్తుల మధ్య తేడా దాదాపు అంతే. అబ్బాయి లెక్కకు అమ్మ ఎత్తును మగవారి కొలతలోకి మార్చాలి, అంటే 155కి 13 కలిపి 168 అనుకోవాలి. దానికీ నాన్న 173కీ సగటే ఆ 170.5. అసలు ఆ తేడా ఎందుకొస్తుందంటే, యవ్వనపు ఎదుగుదల అబ్బాయిల్లో అమ్మాయిలకన్నా సుమారు రెండేళ్ళు ఆలస్యంగా మొదలవుతుంది. ఆ రెండేళ్ళూ వాళ్ళు మామూలు వేగంతో పెరుగుతూనే ఉంటారు, తర్వాత వచ్చే ఊపు కూడా కాస్త పెద్దది.

ఇక 172 సంగతి. తల్లిదండ్రులు సగటుకన్నా పొట్టివాళ్ళయితే పిల్లలు వాళ్ళకన్నా కొంచెం సగటు వైపు జరుగుతారు, పొడుగువాళ్ళయితే కొంచెం కిందికి జరుగుతారు. బ్రిటిష్ శాస్త్రవేత్త గాల్టన్ దీన్ని 1886లోనే చూపించాడు. టానర్ సూత్రంలో ఈ సర్దుబాటు లేదు. హెర్మనుసెన్, కోల్ అనే పరిశోధకులు 2003లో దాన్ని కలిపి ఇంకో లెక్క ఇచ్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టులో 19 ఏళ్ళకు మధ్య ఎత్తు అబ్బాయిలకు 176.5, అమ్మాయిలకు 163.2. నాన్న దానికి 0.48 ఎస్డీ కింద, అమ్మ 1.25 ఎస్డీ కింద ఉన్నారు (ఎస్డీ అంటే ప్రామాణిక విచలనం, అంటే ఎత్తులు సగటు నుంచి మామూలుగా ఎంత అటూ ఇటూ ఉంటాయో చెప్పే కొలత. ఆ వయసులో అబ్బాయిలకు సుమారు 7.3 సెం.మీ., అమ్మాయిలకు 6.5). రెండింటి సగటు 0.865. దాన్ని 0.72తో గుణిస్తే 0.62. 176.5 నుంచి 0.62 ఎస్డీ తీసేస్తే 172.0. అదే పద్ధతిలో పాపకు దాదాపు 159 వస్తుంది. వేరే జనాభా చార్టు పెట్టి చేస్తే సగటు మారుతుంది కాబట్టి జవాబూ మారుతుంది. ఏ చార్టు వాడారో చెప్పని కాలిక్యులేటర్‌ను నేను పట్టించుకోను.

ఈ ఒకటిన్నర సెంటీమీటర్ల తేడా కోసం తల బద్దలు కొట్టుకోవద్దు. ఏ పద్ధతిలో చేసినా అటూ ఇటూ సుమారు 8.5 సెం.మీ. వదలాలి. అంటే బాబుకు 162 నుంచి 179 వరకు. వందమందిలో దాదాపు 95 మంది ఆ హద్దుల్లో పడతారు, మిగిలినవాళ్ళు పడరు. ఒకే తల్లిదండ్రులకు పుట్టిన అన్నదమ్ములకు ఈ సూత్రం ఒకే అంకె ఇస్తుంది, కానీ వాళ్ళ మధ్య పది సెంటీమీటర్ల తేడా ఉండటం వింతేమీ కాదు. 2022లో 54 లక్షల మంది జన్యు సమాచారం పరిశీలించిన అధ్యయనంలో ఎత్తుతో ముడిపడిన 12,111 జన్యు తేడాలు తేలాయి. వాటిలో ఏవి ఏ బిడ్డకు వస్తాయో సగటుకు ఎలా తెలుస్తుంది?

రెండేళ్ళ ఎత్తును రెట్టింపు చేయడం అబ్బాయిలకు పరవాలేదు, అమ్మాయిలకు పనికిరాదు. అదే చార్టులో రెండేళ్ళ అబ్బాయి మధ్య ఎత్తు 87.1, రెట్టింపు చేస్తే 174.2. అసలు 176.5కి దగ్గరే. అమ్మాయిది 85.7, రెట్టింపు 171.4. అసలు 163.2కి ఎనిమిది సెంటీమీటర్లు ఎక్కువ! ఆడపిల్లలు రెండేళ్ళకే సగం దాటేస్తారు.

జవాబు 2

పై లెక్కకు ఇంకొక మాట కలుపుతాను. తల్లిదండ్రుల సగటు వాడాల్సింది జోస్యానికి కాదు, బిడ్డ ఎదుగుదల దారి సరిగా ఉందా లేదా చూడటానికి. ఎనిమిదేళ్ళ అబ్బాయికి మధ్య ఎత్తు 127.3. మీ బాబు 121, అంటే సుమారు 1.1 ఎస్డీ కింద, 14వ పర్సెంటైల్ దగ్గర (ఆ వయసు అబ్బాయిలు వందమందిలో సుమారు 14 మంది తనకన్నా పొట్టి). ఇంటి లెక్క 170.5 కూడా పెద్దవాళ్ళ చార్టులో 0.8 ఎస్డీ కిందే, 20వ పర్సెంటైల్ దగ్గర. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఏడాదిలో 5.5 పెరిగాడు. ఈ వయసులో ఏడాదికి 5, 6 సెం.మీ. మామూలే. తరగతిలో పొట్టిగా కనిపించినా తన ఇంటి ఎత్తుకు తగ్గట్టే పెరుగుతున్నాడు.

డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన సందర్భాలు వేరు. నాలుగేళ్ళ తర్వాత, యవ్వనం మొదలు కాకముందు, ఏడాదికి 4 సెం.మీ. కూడా పెరగకపోవడం. చార్టులో ఇన్నాళ్ళూ పట్టుకున్న గీత వదిలి కిందికి జారడం. ఇంటి లెక్కకన్నా ఒకటిన్నర ఎస్డీకి మించి కింద ఉండటం. థైరాయిడ్ లోపం, గ్రోత్ హార్మోన్ లోపం, గోధుమ గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు, ఆడపిల్లల్లో ఎక్స్ క్రోమోజోమ్ లోపంతో వచ్చే టర్నర్ సిండ్రోమ్, ఇవన్నీ ముందుగా ఎదుగుదల గీతలోనే బయటపడొచ్చు. తల్లిదండ్రులిద్దరూ బాగా పొట్టి అయితే "మా వంశమే అంత" అని ఊరుకోకూడదు. ఎముకల ఎదుగుదలను తగ్గించే జన్యులోపం వాళ్ళ నుంచే రావచ్చు. అమ్మో నాన్నో చిన్నప్పుడు తిండి లేకో పెద్ద జబ్బు చేసో కుంగిపోయి ఉంటే, వాళ్ళ ఎత్తు వాళ్ళ జన్యువుల్లో ఉన్నదానికన్నా తక్కువే చూపిస్తుంది. అప్పుడు సూత్రం పిల్లలకు కూడా తక్కువే చెబుతుంది.

పాప విషయం: పెద్దమనిషయ్యేది ఎదుగుదల వేగం శిఖరం దాటాకే. ఆ తర్వాత సగటున మొత్తం 5 నుంచి 7 సెం.మీ. పెరుగుతారు, అందులో ఎక్కువ భాగం మొదటి ఏడాదిలోనే. ఎనిమిది నెలలు గడిచాయి కాబట్టి ఇంకో మూడు, నాలుగు సెంటీమీటర్లు అనుకోండి. 155, 156 దగ్గర ఆగితే ఇంటి లెక్కలోనే ఉన్నట్టు. తొమ్మిది, పదేళ్ళకే అయిన పిల్లలకు దీనికన్నా ఎక్కువ మిగిలి ఉంటుంది, ఆలస్యంగా అయినవాళ్ళకు తక్కువ.

అడిగినవారు

చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు. బాబు కొలత గోడకు నిలబెట్టి తలమీద స్కేలు పెట్టి తీసిందే. అది సరిపోతుందా? ఎముక వయసు ఎక్స్‌రే ఇప్పుడే తీయించాలా?

జవాబు 3

స్కేలు ఒక పక్కకు వాలిపోతుందండీ. అర సెంటీమీటరు తేడా అక్కడే వచ్చేస్తుంది. గట్టి అట్ట ఉన్న లావాటి పుస్తకం తీసుకోండి. గోడ అడుగున పట్టీ లేని చోటు, కింద తివాచీ లేని గట్టి నేల చూడండి. చెప్పులు, సాక్సులు తీసేయాలి, పాపకు కొలిచేటప్పుడు జడ, ముడి విప్పేయాలి. మడమలు, పిరుదులు, భుజాల వెనక భాగం గోడకు ఆనాలి. తల మాత్రం గోడకు ఆనేదాకా వెనక్కి నెట్టకండి. కంటిగుంట కింది అంచు, చెవి రంధ్రం పై అంచు నేలకు సమాంతరంగా ఒకే గీతలో ఉండాలి. గడ్డం పైకెత్తితే కొలత తప్పుతుంది. గట్టిగా ఊపిరి పీల్చమని, పుస్తకం ఒక అంచు గోడకు పూర్తిగా ఆనించి, జుట్టు అణిగేదాకా దించి, అడుగున పెన్సిలుతో గీత గీయండి. నేల నుంచి గీత దాకా స్టీలు టేపుతో మి.మీ. వరకు కొలవండి. మూడుసార్లు చేసి సగటు రాసుకోండి.

ఎప్పుడూ ఒకే పూట కొలవాలి. వెన్నుపూసల మధ్య డిస్కులు రోజంతా నొక్కుకుని సాయంత్రానికి సెంటీమీటరు దాకా తగ్గుతుంది. నెలనెలా కొలిచి కంగారు పడొద్దు, ఆరు నెలలకోసారి చాలు. మూడు నెలల తేడాతో కొలిచి, అందులో అర సెంటీమీటరు తప్పు పడిందనుకోండి. ఏడాది వేగంగా మార్చేసరికి ఆ తప్పు రెండు సెంటీమీటర్లవుతుంది. మామూలుగా పెరిగే బిడ్డ కూడా జబ్బుగా కనిపిస్తాడు.

నాన్న, అమ్మ ఎత్తులు కూడా ఇలాగే కొలిచారా? నోటి లెక్కలో చాలామంది రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువ చెబుతారు. ఒకరి కొలతలో తప్పు సగమే లెక్కలోకి వస్తుంది కానీ, ఇద్దరూ పెంచి చెబితే మొత్తం వచ్చేస్తుంది.

ఎక్స్‌రే మీ బాబుకు ఇప్పుడు అక్కర్లేదు. ఎడమ చెయ్యి, మణికట్టు ఎక్స్‌రే తీసి గ్రూలిక్, పైల్ అట్లాసు బొమ్మలతో పోల్చి ఎముక వయసు చెబుతారు, దాన్నిబట్టి బేలీ, పిన్నో పట్టికలో ఇంకెంత ఎత్తు మిగిలుందో చూస్తారు. యవ్వనం ఆలస్యమయ్యే పిల్లల్లో దాని విలువ బాగా తెలుస్తుంది. 13 ఏళ్ళవాడి ఎముకలు 11 ఏళ్ళవాడిలా ఉంటే పెరగడానికి ఇంకా సమయం ఉన్నట్టే. ఎముకలు వయసుకన్నా ముందుంటే, ఇప్పుడు పొడుగ్గా ఉన్నవాడు కూడా ముందుగా ఆగిపోతాడు.

జవాబు 4

అడగలేదు కానీ, ఈ ప్రశ్న తర్వాత ఎలాగూ వచ్చేది కాబట్టి: కడ్డీకి వేలాడటం, ఎత్తు పెంచే పొడులు ఎముకను పెంచవు. నిద్ర, సరిపడా తిండి, జబ్బులకు సకాలంలో వైద్యం ఉంటే జన్యువుల్లో ఉన్న ఎత్తు అందుతుంది, అంతే. గ్రోత్ ప్లేట్లు (ఎముకల చివర్లలో ఎముక పెరిగే చోట్లు) మూసుకున్నాక ఏ మందూ పనిచేయదు. ఆ పొడుల మీద పెట్టే డబ్బుతో ఏడాదికోసారి పిల్లల డాక్టరు దగ్గర చార్టులో చుక్క పెట్టించుకోండి.