టీవీ పాటల పోటీల్లో తారస్థాయి పాటలే ఎందుకు?

ప్రశ్న: టెలివిజన్ పోటీల్లో గాయకులు తరచుగా తారస్థాయి (గొంతు బాగా పైకెత్తి పాడే) పాటలనే ఎంచుకోవడానికి కారణమేమిటి? మా అమ్మాయి నిదానమైన పాట పాడాలనుకుంటోంది.

సమాధానం: ఒక పల్లవి, ఒక చరణంలోనే ప్రతిభంతా చూపవలసి వచ్చినప్పుడు, చివర గొంతు పైకెగసే పాటను ఎవరూ వదులుకోరు. అయితే మూలగాయకుని శ్రుతిలోనే (పాటకు ఆధారంగా పెట్టుకున్న స్వరం ఎత్తులోనే) పాడాలన్న పట్టుదల చాలామందిని దెబ్బతీస్తుంది. ఒక మెట్టు దించుకుంటే పై స్వరం అరుపు కాకుండా నిలుస్తుంది.

మరొక సమాధానం: శ్రుతి మరీ దించితే మంద్రస్థాయి (బాగా కింది) స్వరాలు వినబడవు. కాబట్టి పాటలోని అతి కింది స్వరాన్ని, అతి పై స్వరాన్ని వెంటవెంటనే పాడించి చూడండి. నిదానమైన పాటలో దీర్ఘస్వరం రవ్వంత వణికినా తెలిసిపోతుంది కనుక, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో సాహిత్యంపైనే గుర్తు పెట్టించండి.

ప్రశ్నించినవారు: ధన్యవాదాలండి. ఈ సాయంత్రమే రెండు స్వరాలూ పాడించి చూస్తాను.