ఈ వారం సమస్య: ఉప్పులేని పిండి యుప్పుపిండి

నిర్వాహకుడు:
నిన్న శనివారం రాత్రి ఇంట్లో నేనొక్కణ్ణే. గ్లాసు బియ్యపు రవ్వ, రెండు గ్లాసుల నీళ్లు, గుప్పెడు పెసరపప్పు, ఇంగువ తిరగమోత. మూత తీస్తే వాసన అదిరింది. నోట్లో పెడితే చప్పన! ఉప్పు డబ్బా ముట్టుకుంటే కదా. ఆ ఉక్రోషంలో పుట్టిందీ పాదం. ఇదే చివరి పాదంగా వచ్చేలా తలా ఒక పద్యం అల్లండి, కానివ్వండి.

రాజాం కోడలు:
రక్తపోటు వచ్చె రాజాము మామకు
వైద్యుడుప్పు వలదు వలదటంచు
చెప్పె, నేను పక్క చేర్చ మాగాయను
ఉప్పులేని పిండి యుప్పుపిండి!

కల్పన కాదండీ, మా ఇంటి సంగతే.

గంటస్తంభం:
బావుందమ్మా. కానీ మాగాయలో ఉప్పెంతో ఆ వైద్యుడికి చెప్పారా? "మాగాయను" తర్వాత "ఉప్పు"లోని అచ్చు సంధి కలవకుండా విడిగా నిలబడింది, చూసుకోండి. ఇక నాది, క్రమాలంకారంలో, అంటే మూడు ప్రశ్నలకీ చివరి పాదంలో వరసగా జవాబులు:

తిండి యెట్టిదయ్య దీర్ఘరోగికినిల?
తిరగలేమి యిచ్చు తిప్పి తిప్పి?
శనుల రాత్రి యేమి చవులిచ్చు కంచాన?
ఉప్పులేని, పిండి, యుప్పుపిండి.

నాగావళి ఒడ్డు:
మాష్టారూ, "తిరగలేమి" అని చదివి మీకు మోకాళ్ల నొప్పులేమో అనుకున్నాను. ఆ ఇకారానికి సంధి ఎక్కడిదండీ? "తిరగలి యేమి" కదా! "తిరిగి రాయి యేమి తీసిపెట్టు" అంటే గొడవ లేకపోను. ఇక ఆ "ఇల"... అర్థానికి కాదు, అక్షరాల లెక్క నింపడానికే; గండికి అడ్డం వేసిన ఇసుక బస్తా. ఇదివరకటి పనసపొట్టు సమస్యలో నా యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జోడీ అక్షరం) తప్పిందని వారం రోజులు ఏకిపారేసింది మీరేనా? నాది:

ఉప్పుమడుల నడుమ నున్నట్టి నౌపడ
కొత్తకోడలింట్లో కొలువుదీరి
వంట చేసె, నత్త వాపోయె నిట్టుల:
ఉప్పులేని పిండి యుప్పుపిండి!

రాజాం కోడలు:
అబ్బ! నౌపడ పిల్ల ఉప్పు మరవడం! అటు వెళ్తుంటే మడుల గట్ల మీద తెల్లటి కుప్పలే కనిపిస్తాయి. దీని ముందు నా మాగాయ చప్పబడిపోయింది.

గంటస్తంభం:
పిల్ల సరే, గణం సంగతేంటి? "లింట్లో" రెండూ గురువులే, అంటే బరువు అక్షరాలే; అక్కడ ఉండాల్సిన సూర్యగణం తేలిక అక్షరంతో ముగియాలి. పైగా "కొలువుదీరి" ఏమిటి, వచ్చింది కోడలా, గజపతుల రాణీగారా?

నాగావళి ఒడ్డు:
గిడుగు రామమూర్తి గారు 1863లో పుట్టిన పర్వతాలపేట మాకు దగ్గరే. మేం "ఇంట్లో" అనే అంటాం.

గంటస్తంభం:
ఆయన పోరాడింది వాడుక భాష కోసం నాయనా, సూర్యగణం మీద కాదు. "ఇంట" అను, తీరిపోతుంది. "ఇల" బస్తాయే, ఒప్పుకున్నాను. తిరగలి కూడా నీ రాయితోనే దిద్దుకుంటాను. పనసపొట్టులో నీ యతి మాత్రం తప్పిందే. ఆవ ఘాటుకి కళ్లు మూసుకుని రాసినట్టున్నావు.

నిర్వాహకుడు:
"ఇంట" అని దిద్దాక నా ఓటు నౌపడ కోడలికే. ఈ రాత్రి మళ్లీ వండాను. ఉప్పు వేశాను గానీ, మీ తగువు చదువుతూ పొయ్యి సంగతి మరిచాను. అడుగంటింది. అట్లకాడతో గీకితే ఎర్రటి చెక్క ఒకే ముక్కగా లేచొచ్చింది, అంచులు కరకరలాడుతూ. ముందు అదే అయిపోయింది. కనుక వచ్చే వారానికి:

మాడినదియె చాల మధురమయ్యె

నాగావళి ఒడ్డు:
ఈసారి "ఇల" నిషేధమని ముందే రాసెయ్యండి.