రాత్రి తొమ్మిది తర్వాత వయొలిన్ క్లాసు సాగడం లేదు. పల్లెటూరి ఇంట్లో నెట్ బాగుపడాలంటే ఏం చేయాలి?

కోనసీమ వయొలిన్:

అందరికీ నమస్కారం. మాది అమలాపురం దగ్గర చిన్న ఊరు. ఇంట్లోనే వయొలిన్ నేర్పుతాను. ఊరి పిల్లలు సాయంత్రం ఇంటికే వస్తారు. మిగతా వాళ్లంతా ఆన్‌లైన్. తెల్లవారుజామున డల్లాస్, అట్లాంటా వైపు ఉన్న మన తెలుగువాళ్ల పిల్లలు, రాత్రి తొమ్మిది దాటాక లండన్ చుట్టుపక్కల పిల్లలు. మా ఇల్లు ఎక్కువగా ఈ క్లాసుల మీదే నడుస్తోంది. నెట్ ఆగితే ఆ పూట సంపాదన ఆగినట్టే.

మా ఊళ్లో టీవీ కేబుల్ ఇచ్చేవాళ్లే నెట్ కూడా ఇస్తారు. ముందు 40 ఎంబీపీఎస్ ప్లాన్ ఉండేది. వీడియో ఆగిపోతోందని చెబితే "ప్లాన్ పెంచుకోండి మేడమ్, సరిపోతుంది" అన్నారు. 100కి పెంచాను. బిల్లు పెరిగింది, క్లాసు మాత్రం అలాగే ఉంది. పగటిపూట స్పీడ్ టెస్ట్ పెడితే తొంభై పైనే చూపిస్తుంది. రాత్రి తొమ్మిదికి అదే ఫోన్‌లో, అదే చోట కూర్చుని చూస్తే డౌన్‌లోడ్ ఇరవై, అప్‌లోడ్ ఒకటి కూడా రాదు. నాకు కావాల్సిందేమో అప్‌లోడ్. అవతలి పిల్ల నా వేళ్లు చూడాలి, నేను వాయించేది వినాలి. ప్లాన్ల కాగితం మీద పెద్ద అక్షరాలతో ఉన్నదంతా డౌన్‌లోడే. అప్‌లోడ్ ఎంత ఇస్తారని అడిగితే ఇంతవరకు సూటిగా జవాబు చెప్పినవాళ్లు లేరు.

మాట మధ్యలో తెగినా సందర్భాన్ని బట్టి అర్థమవుతుంది. గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, తెగితే ఏం చేయాలి? తోడి రాగంలో గాంధారాన్ని (గ స్వరాన్ని) ఊపుతూ పట్టాలి, ఆ ఊపులోనే రాగం ఉంది. నేను వాయించింది అవతల రెండు ముక్కలుగా, మధ్యలో ఖాళీతో వినపడుతోంది. ఆ పిల్ల బుద్ధిగా ఆ ముక్కలనే తిరిగి వాయిస్తుంది. తప్పని ఎలా అనను? తను విన్నదే వాయించింది. ఇలా నేర్చుకున్న గమకాన్ని తర్వాత సరిచేయడం, కొత్తగా నేర్పడం కంటే చాలా కష్టం. నా దిగులంతా దీని గురించే.

ఇంకో చిత్రం ఉంది. శ్రుతి పెట్టె పక్కనే పెట్టుకుంటాను. కాసేపటికి శ్రుతి వినపడడం లేదని పిల్లలు అంటారు. నా దగ్గర మోగుతూనే ఉంటుంది. ఇది కూడా స్పీడు లేకేనా?

వాన, గాలి ఉన్న రోజు తెల్లవారుజాము క్లాసులు కూడా పోతాయి. నెట్ డబ్బా (రూటర్) మీద ఎర్ర లైటు వెలిగి ఆరుతూ ఉంటుంది. వైరు రోడ్డు మీది కరెంటు స్తంభం నుంచి మా పెరటి కొబ్బరిచెట్టు మీదుగా ఇంట్లోకి వస్తుంది. ఇల్లు పాత మండువా ఇల్లు, గోడలు బాగా మందం. టీవీ కూడా ఆ వైరు మీదే కాబట్టి డబ్బా ముందు హాల్లో పెట్టారు. నేను వాయించే గది వెనక వైపు ఉంది.

ఫిర్యాదు చేస్తే రూటర్ ఆపి మళ్లీ ఆన్ చేయమంటారు. మర్నాటికి "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అని మెసేజ్ వస్తుంది. ఇంటికి ఎవరూ రాలేదు, ఏం పరిష్కరించారో తెలియదు. వేరే పెద్ద కంపెనీ వెబ్‌సైట్‌లో మా పిన్‌కోడ్ కొడితే కనెక్షన్ ఇస్తామని చూపించింది. డబ్బు కట్టాక ఫోన్ చేసి, మీ ఊరికి ఇంకా లైను రాలేదండీ అన్నారు. డబ్బు వెనక్కి వచ్చేసరికి నెల పట్టింది.

ప్లాన్ ఇంకా పెంచాలా? రూటర్ మార్చాలా? 5జీ డబ్బా తీసుకోవాలా? ఇంకొకటి, నెట్ ఎంత బాగున్నా డల్లాస్ పిల్లతో నేను కలిసి వాయించడం ఎప్పటికైనా వీలవుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

పాలకొల్లు లైను పని:

మేడంగారండీ, నేను పాలకొల్లు వైపు కేబుల్ లైన్ల మీద పని చేస్తాను. మీరు రాసినదాంట్లో రెండు వేర్వేరు సమస్యలు ఉన్నాయండి. కలిపి చెబితే మావాళ్లు రెండూ వదిలేస్తారు. విడివిడిగా చెప్పండి.

వానప్పుడు ఎర్ర లైటు అన్నారే, అది లైను తేడా. ఫైబరు గాజు తీగ, దానికి వానతో పని లేదు. జాయింటుకి ఉంది. ఎక్కడో జాయింటు డబ్బా మూత సరిగ్గా పడక నీళ్లు దిగి ఉంటాయి. లేదా చెట్టు ఊగినప్పుడల్లా వైరు మడత పడుతోంది. మడత దగ్గర వెలుతురు బయటికి పోతుంది. కుర్రాళ్లు వచ్చినప్పుడు పవర్ మీటరు పెట్టి చూపించమనండి. ఇంటికి ఎంత వెలుతురు చేరుతోందో అది చెబుతుంది. రీడింగు మైనస్‌లో ఉంటుంది, డీబీఎం అంటాం. మైనస్ 18 నుంచి 22 దాకా అయితే బెంగ లేదు. మైనస్ 27 దగ్గరికి పోయిందంటే లైటు పచ్చగానే ఉన్నా డేటా మధ్యలో పోతూ ఉంటుంది. 3 డీబీ తగ్గితే వెలుతురు సగానికి పడిపోయినట్టు లెక్క. మీటరు తేలేదని చెబితే రూటరు పేజీలో ఆర్‌ఎక్స్ పవర్ అని చాలా డబ్బాల్లో కనపడుతుంది, అది చూడండి. ఎండ రోజు ఒక ఫొటో, వాన రోజు ఒక ఫొటో తీసి ఉంచండి. రెండింటికీ నాలుగైదు తేడా ఉందంటే ఇంక మీతో వాదించడానికి ఏమీ ఉండదు. చెట్టు మీద నుంచి లైను తీసేసి, స్తంభం నుంచి నేరుగా గోడకి బిగించి లాగమనండి.

రాత్రి తొమ్మిదికి పడిపోయేది మీ వైరు వల్ల కాదు. ఆపరేటరు మెషిన్‌లో ఒక్కో పోర్టు (ఫైబరు తగిలించే చోటు) నుంచి వచ్చే ఫైబరు స్ప్లిటర్లలో చీలి 64 ఇళ్ల దాకా పోతుంది. ఆ మెషిన్లు రెండు రకాలు. జీపాన్ రకం అయితే ఆ ఇళ్లన్నిటికీ కలిపి డౌన్‌లోడ్ 2.5 గిగాబిట్లు, అప్‌లోడ్ 1.25. ఈపాన్ రకం అయితే రెండు వైపులా సుమారు 1 గిగాబిట్. ఊరికి అది చాలు. ఎక్కువగా ఇరుకయ్యేది పైన. ఊరి ఆపరేటరు పెద్ద కంపెనీ దగ్గర ఊరంతటికీ కలిపి ఇంత అని బ్యాండ్‌విడ్త్ (నెట్ సామర్థ్యం) కొంటాడు. కనెక్షన్లు పెరిగినంతగా అది పెంచడు, ఎందుకంటే నెలనెలా డబ్బు కట్టాలి. రాత్రి భోజనాలయ్యాక అందరూ సినిమాలు పెడతారు. ఆ గంటలో మీ ప్లాన్ 100 అయినా 300 అయినా ఉన్నదే పంచుకోవాలి. కాబట్టి ప్లాన్ పెంచకండి. నేను ఈ పని చేసేవాణ్ణే, అయినా చెబుతున్నాను.

కూకట్‌పల్లి నెట్‌వర్క్:

పైన చెప్పినది నూటికి నూరు పాళ్లు కరెక్ట్. ఇంటి లోపలి సంగతి నేను చెబుతాను.

జూమ్‌లో 720 క్వాలిటీ వీడియోకి ఇద్దరి మధ్య కాల్ అయితే అప్‌లోడ్ 1.2 ఎంబీపీఎస్ ఉంటే చాలు. మీకు 100 అక్కర్లేదు, ఆ కొంచెం తెగకుండా రావాలి. తెగుతున్నది ఎక్కడో ఇలా తేల్చండి. లాప్‌టాప్‌లో ముందు రూటర్‌కే పింగ్ పెట్టండి, అంటే పంపిన సిగ్నల్ తిరిగి రావడానికి ఎంత సేపు పడుతుందో చూసే పరీక్ష. చాలా డబ్బాలకు అడ్రస్ 192.168.1.1 ఉంటుంది. అక్కడే అంకెలు ఎగిరెగిరి పడితే తప్పు వైఫైది. రూటర్ దాకా ఒకటి రెండు మిల్లీసెకన్లు నిలకడగా వచ్చి, బయటి పింగ్ మాత్రం పాడైతే తప్పు లైనుదో ఆపరేటరుదో. మండువా ఇంట్లో మందపాటి గోడల అవతల వైఫైలోని 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ సరిగ్గా చేరదు. చేరే 2.4 మీద ఇతర ఇళ్ల రూటర్లు, బ్లూటూత్ కూడా ఉంటాయి. ఖరీదైన రూటర్ జోలికి వెళ్లకండి. హాలు నుంచి మీ గదికి క్యాట్ 6 లాన్ కేబుల్ లాగించండి. 100 మీటర్ల వరకు ఇబ్బంది ఉండదు, మీ ఇంటికి అందులో నాలుగో వంతు కూడా పట్టదు. క్లాసు సమయంలో ఇంట్లో ఫోన్లు ఫొటోలు బ్యాకప్ చేయకుండా ఆపండి. ఉన్న కాస్త అప్‌లోడ్‌నూ అవే మింగేస్తాయి.

శ్రుతి మాయమవడానికి స్పీడుతో సంబంధం లేదు. ఒకే స్థాయిలో ఆగకుండా మోగే శబ్దాన్ని జూమ్ ఫ్యాను మోత అనుకుని అణిచేస్తుంది. ఆడియో సెట్టింగ్స్‌లో 'ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్' అని ఉంటుంది. అది ఆన్ చేసి, క్లాసు మొదలయ్యాక స్క్రీన్ మీద కూడా ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. ఎకో క్యాన్సిలేషన్ (ప్రతిధ్వని తొలగింపు) తీసేస్తే హెడ్‌ఫోన్స్ పెట్టుకోవాలి. పిల్లల వైపు కూడా ఇదే మార్పు చేయించండి. సాగదీసిన స్వరాలు చివర్లో సన్నబడుతున్నాయంటే చాలాసార్లు కారణం ఇదే.

కలిసి వాయించడం గురించి అడిగారు. డల్లాస్ మనకు సుమారు 14 వేల కిలోమీటర్లు. గాజులో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. పోయి రావడానికే 140 మిల్లీసెకన్లు, అది కూడా తిన్నగా గీత గీసినట్టు కేబుల్ ఉంటే. అసలు దారి సముద్రాల కింద చుట్టు తిరిగి పోతుంది కాబట్టి 200 దాటుతుంది. తాళం కలవాలంటే ఒక్క వైపు ఆలస్యం సుమారు 30 లోపు ఉండాలి, ఇక్కడ అది 100 దాటుతుంది. ఏ ప్లాన్ కొన్నా ఇది కుదరదండీ. మీరు వాయించాక పిల్ల వాయించే పద్ధతే నమ్మదగినది.

రావులపాలెం మాస్టారు:

5జీ డబ్బా సంగతి. కొనే ముందు 5జీ ఫోన్‌తో రాత్రి తొమ్మిదికి మీ డాబా మీదికి వెళ్లి టెస్ట్ పెట్టండి, ముఖ్యంగా అప్‌లోడ్ చూడండి. పగలు చూసి కొనొద్దు. టవరుకీ ఇంటికీ మధ్య కొబ్బరితోట ఉంటే సిగ్నల్ తగ్గుతుంది, ఆకులు తడిస్తే ఇంకా తగ్గుతుంది. మా ఇంట్లో పడమటి వైపు పెడితే పనికి రాలేదు, తూర్పు గోడకి మార్చాక పర్వాలేదు.

ఫిర్యాదు ఫోన్‌లో చెప్పి వదిలేయకండి. డాకెట్ నంబరు (ఫిర్యాదు నంబరు) తీసుకోండి. ఎవరూ రాకుండానే మూసేస్తే, అదే కంపెనీలో అప్పీలు అధికారికి రాయవచ్చు, ఆ ఏర్పాటు ఉండి తీరాలి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ విడివిడి ఫిర్యాదులు తీసుకోదు. అక్కడా తేలకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. 2023 జనవరిలో కేంద్రం బ్రాడ్‌బ్యాండ్ నిర్వచనాన్ని 512 కేబీపీఎస్ నుంచి 2 ఎంబీపీఎస్‌కి పెంచింది, అది కూడా డౌన్‌లోడ్‌కే. కాబట్టి ఊరికే "నెట్ స్లో" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. మీ ప్లాన్ ఎంత, రాత్రి ఎంత వచ్చింది, తేదీ, సమయం రాసి స్క్రీన్‌షాట్లు జత చేయండి.

కోనసీమ వయొలిన్:

అందరికీ చాలా థాంక్స్. ఏం జరిగిందో రాస్తున్నాను, ఇలాంటి ఇబ్బందిలో ఉన్నవాళ్లకు పనికొస్తుంది.

రూటరు పేజీలో వాన రోజు మైనస్ 26.8 ఉంది. ఎండ రోజు మైనస్ 22. రెండు ఫొటోలూ వాట్సాప్‌లో పంపాక, ఇన్నాళ్లూ రానివాళ్లు మర్నాడే నిచ్చెన వేసుకుని వచ్చారు. కొబ్బరిచెట్టు మొవ్వు కింద టేపు చుట్టిన జాయింటు ఉంది, టేపు విప్పితే నీళ్లు కారాయి. దాన్ని తీసేసి, స్తంభం నుంచి గోడ దాకా కొత్త డ్రాప్ వైరు లాగి స్ప్లైసింగ్ చేశారు, అంటే ఫైబరు కొసలు కలిపి అతికారు. ఇప్పుడు మైనస్ 20. తర్వాత రెండు రోజులు ముసురు పట్టినా ఎర్ర లైటు రాలేదు. పని చేసిన కుర్రాడు చాలా శ్రద్ధగా చేశాడు. ఆఫీసులో ఫోన్ ఎత్తేవాళ్లు ముందే ఇతణ్ణి పంపి ఉంటే ఎన్ని క్లాసులు మిగిలేవో.

లాన్ కేబుల్ మా ఎలక్ట్రీషియన్ అటక మీదుగా లాగాడు. ఒరిజినల్ సౌండ్ ఆన్ చేశాక డల్లాస్ అమ్మాయి "టీచర్, శ్రుతి అలాగే ఉంది" అంది. ఆ క్లాసంతా గాంధారం మీదే కూర్చున్నాం.

రాత్రి సంగతి మాత్రం తేలలేదు. ఆపరేటరు దగ్గరికి నేనొక్కదాన్నే వెళ్తే పండక్కి పెంచుతామండీ అన్నాడు. మా వీధిలో రాత్రి షిఫ్టుల్లో ఇంటి నుంచి ఉద్యోగం చేసే పిల్లలు ఉన్నారు, వాళ్లదీ ఇదే గోడు. వాళ్ల స్క్రీన్‌షాట్లు కూడా కలిపి మళ్లీ వెళ్లాం. అప్పుడు ఒప్పుకున్నాడు, ఇళ్లు పెరిగాయి, కొన్న బ్యాండ్‌విడ్త్ పెరగలేదని. వచ్చే నెల పెంచుతానన్నాడు. అప్పటిదాకా లండన్ పిల్లల క్లాసులు శనివారం మధ్యాహ్నానికి మార్చాను. ఇద్దరికి ఆ సమయంలో ఈత క్లాసు ఉందట, వాళ్లు మానేశారు. నెట్ కోసం పిల్లలను పోగొట్టుకోవడం నాకు చాలా కష్టంగా ఉంది.

పెంచానని నోటితో చెబితే నమ్మడం ఎలా? ఏం అడగాలి?

పాలకొల్లు లైను పని:

అప్‌లోడ్ ఎంతో ప్లాన్ కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకోండి. పెంచిన రోజు రాత్రి తొమ్మిదికీ పదికీ లాన్ కేబుల్ మీదే టెస్ట్ పెట్టండి, వైఫై మీద పెడితే వైఫై అని తప్పించుకుంటారు. మీ వీధి ఇళ్లు ఏ పోర్టు మీద ఉన్నాయో, దాని మీద మొత్తం ఎన్ని కనెక్షన్లు ఉన్నాయో అడగండి. మరీ ఎక్కువైతే సగం ఇళ్లను ఇంకో పోర్టుకి మార్చమనండి, పోర్టు ఖాళీ ఉంటే అది ఒక పూట పనే. మానేసిన ఇద్దరు పిల్లల ఇళ్లకు ఇప్పుడే మెసేజ్ పెట్టి ఉంచండి మేడంగారండీ, పాత టైమ్ మళ్లీ వస్తుందని.